మలిసంధ్యకు ఆసరా ఏదీ? పెందుర్తిలో వయోవృద్ధులకు అందుతున్న సేవలు, అందని సేవలు

పెందుర్తి: విశాఖ మహానగరానికి వాయవ్య దిక్కున, కొత్తవలస వెళ్లే దారిలో ఉన్న పెందుర్తి ఒకప్పుడు పూర్తిగా వ్యవసాయ గ్రామం. ఉక్కు కర్మాగారం, ఓడరేవు, నౌకా నిర్మాణ కేంద్రం, భారీ పలకల కర్మాగారం వంటి సంస్థల్లో పనిచేసినవారు నగరంలో స్థలాల ధరలు అందక ఇటువైపు ఇళ్లు కట్టుకోవడంతో పొలాలు కాలనీలయ్యాయి. ఈ కారణంగా ఇక్కడి వయోవృద్ధుల్లో రెండు వర్గాలు స్పష్టంగా కనిపిస్తాయి. మొదటి వర్గం నాగలి పట్టి, కూలి చేసి, పశువులు మేపి బతికిన పాత ఊరివారు. వారికి ఉద్యోగ పింఛను లేదు. ఉన్న ఆధారం ప్రభుత్వమిచ్చే సామాజిక పింఛను మాత్రమే. రెండవ వర్గం సుజాతనగర్, చినముషిడివాడ, వేపగుంట పరిసర కాలనీల్లో స్థిరపడిన విశ్రాంత ఉద్యోగులు. వీరికి సొంత ఇల్లు ఉంటుంది, ఎంతో కొంత పింఛను ఉంటుంది. అయితే పిల్లలు హైదరాబాద్, బెంగళూరు, అమెరికాల్లో ఉండడంతో అవసరానికి పక్కన మనిషి ఉండడు. మొదటి వర్గానికి డబ్బు సమస్య, రెండవ వర్గానికి తోడు సమస్య. జబ్బు చేసిన రోజున మాత్రం ఇద్దరిదీ ఒకే సమస్య.

పాలనాపరంగా కూడా పెందుర్తి రెండు ముక్కలే. 2005 నవంబరులో గాజువాక పురపాలక సంఘాన్ని, 32 గ్రామాలను కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థను ఏర్పాటు చేసినప్పుడు మండలంలోని పెందుర్తి, వేపగుంట, చినముషిడివాడ వంటి గ్రామాలు నగరంలో చేరాయి. ముదపాక, గుర్రంపాలెం, సరిపల్లి వంటివి పంచాయతీలుగానే మిగిలాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు మండలం విశాఖపట్నం జిల్లాలోనే ఉండిపోయింది. అదే శాసనసభ నియోజకవర్గంలోని సబ్బవరం, పరవాడ అనకాపల్లి జిల్లాకు వెళ్లాయి. ఈ వివరమంతా వృద్ధులకు ఎందుకంటే, ఏ కార్యాలయానికి వెళ్లాలి, ఆదాయ పరిమితి ఎంత, ఎవరికి అర్జీ పెట్టాలి అన్నవన్నీ ఇంటి ముందున్న వీధి నగరపాలక సంస్థ కిందికి వస్తుందా, పంచాయతీ కిందికి వస్తుందా అన్నదానిపైనే ఆధారపడి ఉన్నాయి. నగరంలో ఉన్నవారికి వార్డు సచివాలయం, పంచాయతీలో ఉన్నవారికి గ్రామ సచివాలయం మొదటి మెట్టు. ఈ సచివాలయాల వ్యవస్థ 2019 అక్టోబరు 2న ప్రారంభమైంది.

ఒకటో తారీఖు పింఛను

వృద్ధాప్య పింఛను చరిత్ర తెలిస్తే నేటి మొత్తం విలువ అర్థమవుతుంది. కేంద్ర ప్రభుత్వం 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. అందులోని వృద్ధాప్య పింఛనుకు 2007లో ఇందిరాగాంధీ పేరు పెట్టారు. 2011లో అర్హత వయస్సును 65 నుంచి 60 ఏళ్లకు తగ్గించారు. అయితే 60 నుంచి 79 ఏళ్ల మధ్య వారికి కేంద్రం వాటా నెలకు 200 రూపాయలు, 80 దాటినవారికి 500 రూపాయలు మాత్రమే. మిగిలిందంతా రాష్ట్ర ఖజానాపై భారమే. రాష్ట్రంలో 200 రూపాయలుగా ఉన్న పింఛనును 2014 అక్టోబరులో వెయ్యికి, 2019 ఆరంభంలో రెండు వేలకు పెంచారు. అదే ఏడాది జులై నుంచి 2,250 రూపాయలు చేసి, వయోపరిమితిని 65 నుంచి 60కి దించారు. ఆ తర్వాత 2022 జనవరిలో 2,500, 2023 జనవరిలో 2,750, 2024 జనవరిలో 3,000 అయింది. ప్రభుత్వం మారిన తర్వాత 2024 జులై 1న ఎన్టీఆర్ భరోసా పేరిట 4,000 రూపాయలు చేశారు. ఏప్రిల్ నుంచి మూడు నెలల పెంపు బకాయి కూడా కలిపి ఆ రోజున ఒక్కొక్కరికి 7,000 రూపాయలు అందాయి. దివ్యాంగులకు 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 రూపాయలుగా నిర్ణయించారు.

సొమ్ము ఎంత అన్నది ఒక విషయం, చేతికి ఎలా చేరుతుంది అన్నది మరొక విషయం. 2020 ఫిబ్రవరి నుంచి వాలంటీర్లు ఇంటికి తెచ్చి ఇచ్చేవారు. 2024 ఎన్నికల వేళ వాలంటీర్ల ద్వారా పంపిణీ చేయరాదని ఎన్నికల సంఘం ఆదేశించింది. ఏప్రిల్‌లో పింఛనుదారులు ఎండలో సచివాలయాలకు నడిచి వెళ్లవలసి వచ్చింది. మే నెలలో బ్యాంకు ఖాతాలకు జమ చేయడంతో బ్యాంకుల ముందు బారులు తీరారు. ఏళ్ల తరబడి బ్యాంకు ముఖం చూడని ముదుసలికి ఖాతా పనిచేస్తున్నదో లేదో కూడా తెలియని పరిస్థితి. ఇంటి గుమ్మం వద్ద ఇవ్వడం సదుపాయం కాదు, వృద్ధుల విషయంలో అది పథకానికి ప్రాణం అని ఆ రెండు నెలలు నిరూపించాయి. 2024 జులై నుంచి సచివాలయ ఉద్యోగులే ఇళ్లకు వెళ్లి ఇస్తున్నారు. ఒకటో తేదీ సెలవు దినమైతే ముందు రోజే పంపిణీ చేస్తున్నారు. ఊరిలో లేక ఒకటి రెండు నెలలు తీసుకోలేకపోతే మూడో నెలలో బకాయితో కలిపి తీసుకునే వెసులుబాటు కల్పించారు. కొడుకు, కూతురు ఇళ్ల మధ్య నెలల లెక్కన తిరిగే తల్లిదండ్రులకు ఇది చిన్న ఊరట కాదు. గతంలో ఒకటో తేదీకి ఊరు చేరుకోవాలన్న ఆదుర్దాతో ప్రయాణాలు పెట్టుకునేవారు.

అర్హత నిబంధనలు మాత్రం కఠినం. కుటుంబ ఆదాయం గ్రామాల్లో నెలకు 10 వేలు, పట్టణాల్లో 12 వేల రూపాయలు మించరాదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాల లోపు ఉండాలి. నెలకు సగటున 300 యూనిట్లకు మించి విద్యుత్తు వాడరాదు. పట్టణంలో ఇంటి విస్తీర్ణం వెయ్యి చదరపు అడుగులు దాటరాదు. సొంత కారు, ఆదాయపు పన్ను, ప్రభుత్వ ఉద్యోగం ఇంట్లో ఎవరికీ ఉండరాదు. టాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు ఉన్నది. ఇక్కడ కీలకమైన పదం ‘కుటుంబం’. ఆదాయం, కారు, విద్యుత్తు అన్నీ వృద్ధుడివి కావు, రికార్డుల్లో అతనితోపాటు నమోదైనవారందరివీ. కొడుకు వేరు కాపురం పెట్టి పదేళ్లయినా బియ్యం కార్డులో పేరు కలిసి ఉంటే, అతని కారు తల్లి పింఛనుకు అడ్డుపడుతుంది. ఒకే మీటరుపై రెండు వాటాలు నడుస్తున్న ఇంట్లో విద్యుత్తు వినియోగమంతా ఆమె ఖాతాలోకే వస్తుంది. పెందుర్తి వంటి చోట, పాత పెంకుటిల్లు పడగొట్టి పిల్లలు మేడ కట్టుకుంటే, కింది గదిలో ఉండే తాత అనర్హుల జాబితాలో చేరే ప్రమాదం ఉన్నది. కనుక వేరు కాపురం ఉన్నవారు ముందుగానే బియ్యం కార్డును, సచివాలయంలోని కుటుంబ నమోదును విడదీయించుకోవడం ఉత్తమం. పింఛను ఆగిన తర్వాత పరుగెత్తడం కంటే ఇది సులభం.

కుటుంబానికి ఒక పింఛను అన్నది సాధారణ నియమం. భర్తకు వృద్ధాప్య పింఛను వస్తుంటే భార్యకు అరవై నిండినా వేరుగా రాదు. భర్త మరణిస్తే ఆ పింఛను కూడా ఆగిపోయి, ఆమె వితంతు పింఛనుకు కొత్తగా దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూడవలసి వచ్చేది. 2024 నవంబరు నుంచి ఇటువంటి సందర్భాల్లో భార్యకు మరుసటి నెల నుంచే పింఛను మంజూరు చేసే ఏర్పాటు వచ్చింది. ఇందుకు మరణ ధ్రువీకరణ పత్రం అవసరం కాబట్టి నమోదు ఆలస్యం చేయరాదు.

మరో చిక్కు ఆధార్‌లోని వయస్సు. ఈ తరంవారిలో చాలామందికి జనన ధ్రువీకరణ లేదు. నమోదు నాడు నోటికి వచ్చిన సంవత్సరం చెప్పగా, జనవరి 1వ తేదీ వేసి కార్డు ఇచ్చారు. చెప్పిన అంకె నాలుగేళ్లు తక్కువైతే పింఛను నాలుగేళ్లు ఆలస్యం. పుట్టిన తేదీని ఆధార్‌లో ఒక్కసారే మార్చుకునే వీలుంది కనుక ఆధారాలు సమకూర్చుకున్న తర్వాతనే ఆ అవకాశాన్ని వాడుకోవాలి. ఇక వ్యవసాయం, సున్నం, సిమెంటు పనుల్లో వేలిముద్రలు అరిగిపోయినవారికి కంటిపాప, ముఖ గుర్తింపు పద్ధతులు అందుబాటులో ఉన్నాయి. యంత్రం వేలిముద్ర తీసుకోలేదన్న ఒక్క కారణంతో సొమ్ము ఇవ్వకుండా వెనుదిరగడానికి వీలు లేదు.

కర్మాగారం విడిచిన తర్వాత

విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైంది. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైంది. రెండింటిలోనూ జీవితాంతం పనిచేసినవారు నేడు పక్కపక్క ఇళ్లలో ఉంటున్నారు. కానీ వారి పింఛన్లలో పోలిక లేదు. 2004 జనవరికి ముందు చేరిన ఓడరేవు ఉద్యోగులకు జీతం ఆధారంగా, కరవు భత్యంతో కూడిన పింఛను వస్తుంది. ఉక్కు కర్మాగారం సహా పలు కర్మాగారాల కార్మికులకు చట్టరీత్యా ఉన్నది భవిష్య నిధి, దానికి అనుబంధంగా 1995 నవంబరు 16న వచ్చిన ఉద్యోగుల పింఛను పథకం. పింఛనుకు లెక్కించే జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తే నెల పింఛను వస్తుంది. 2001 నుంచి 2014 ఆగస్టు వరకు జీతం పరిమితి 6,500 రూపాయలు. ఆ పరిమితితో 18 ఏళ్ల సర్వీసుకు లెక్క కడితే 1,671 రూపాయలు తేలుతుంది. 1995కు ముందటి సర్వీసుకు కొంత కలుస్తుంది, అంతే. 2014 సెప్టెంబరు నుంచి పరిమితిని 15 వేలకు పెంచి, కనీస పింఛనును వెయ్యి రూపాయలు చేశారు. ఈ పింఛనుకు కరవు భత్యం లేదు. కొన్ని సంస్థలు సొంతంగా అదనపు పింఛను పథకాలు పెట్టుకున్నాయి గాని, కాంట్రాక్టు కార్మికునికి ఆ భాగ్యం లేదు. ఇనుము కరిగించిన చేతికి వచ్చే పింఛను కంటే సామాజిక పింఛను ఎక్కువ కావడం పారిశ్రామిక నగరం ఆలోచించవలసిన సంగతి.

భవిష్య నిధి ప్రాంతీయ కార్యాలయం మర్రిపాలెంలో ఉన్నది. పింఛనుదారులు ఏడాదికోసారి జీవన ప్రమాణ పత్రం సమర్పించాలి. 2014 నవంబరులో వచ్చిన డిజిటల్ జీవన ప్రమాణ్ విధానం ద్వారా బ్యాంకులో, తపాలా కార్యాలయంలో, మీసేవ కేంద్రంలో, లేదా ఇంట్లోనే సెల్‌ఫోనులో ముఖం చూపి దీన్ని పూర్తి చేయవచ్చు. భవిష్య నిధి పింఛనుకు ఈ పత్రం ఇచ్చిన తేదీ నుంచి ఏడాది చెల్లుతుంది కాబట్టి అందరూ నవంబరులోనే బారులు తీరనవసరం లేదు. ఈఎస్ఐ పరిధిలో కనీసం ఐదేళ్లు పనిచేసి పదవీ విరమణ పొందినవారు ఏడాదికి 120 రూపాయలు చెల్లిస్తే దంపతులిద్దరికీ ఈఎస్ఐ వైద్యం కొనసాగుతుంది. ఈ సంగతి తెలియక కార్డును మూల పడేసినవారు ఎందరో.

బ్యాంకుల విషయంలో 70 ఏళ్లు దాటినవారికి నగదు, చెక్కు పుస్తకం వంటి సేవలను ఇంటి వద్దకే అందించాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులో ఆదేశించింది. అడిగితేనే ఇచ్చే సేవ ఇది. అడగవలసినవారు మంచం మీద ఉంటారు కాబట్టి ఇంట్లోవారో ఇరుగుపొరుగువారో అడగాలి.

కన్ను దగ్గర, గుండె దూరం

వైద్యంలో పెందుర్తికి ఒక అదృష్టం ఉన్నది. కంటి వైద్యానికి పేరుపొందిన శంకర్ ఫౌండేషన్ ఆసుపత్రి వేపగుంట సమీపంలోని నాయుడుతోటలోనే ఉన్నది. పేదలకు ఉచితంగా శుక్లాల శస్త్రచికిత్సలు చేయడం దీని ప్రత్యేకత. శుక్లం ముదిరి చూపు మందగించిన వృద్ధులు కాలు జారి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడం సర్వసాధారణం. కనుక కంటి పరీక్ష సకాలంలో చేయించడమంటే సగం ఎముకల సమస్యను నివారించడమే. హనుమంతవాక వైపు ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ప్రాంగణం కూడా ఉన్నది.

మిగిలిన పెద్ద జబ్బులకు మాత్రం నగరానికి పోవలసిందే. 1923లో వెలసిన కింగ్ జార్జి ఆసుపత్రి ఉత్తరాంధ్ర మొత్తానికీ పెద్దదిక్కు. పెందుర్తి నుంచి దాదాపు 20 కిలోమీటర్ల దూరం. హనుమంతవాకలో విమ్స్, అగనంపూడిలో టాటా మెమోరియల్ కేంద్రం నడుపుతున్న హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. గుండెపోటు, పక్షవాతం విషయంలో దూరమే అసలు శత్రువు. పక్షవాతం లక్షణాలు కనబడిన నాలుగున్నర గంటల్లోపు రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను పడితే కోలుకునే అవకాశం మెరుగవుతుంది. మూతి వంకరపోవడం, మాట తడబడడం, చేయి పడిపోవడం కనిపిస్తే తెల్లవారేదాకా చూద్దామనుకోరాదు. 2005 ఆగస్టు 15న రాష్ట్రంలో ప్రారంభమైన 108 అంబులెన్సుకు అప్పుడే ఫోన్ చేయాలి. బీపీ, చక్కెర వంటి నిత్య రోగాలకు మందులు అందించే 104 సంచార వైద్య వాహనాలు పంచాయతీ గ్రామాలకు వస్తాయి. ఏ రోజున వస్తుందో ఆశా కార్యకర్త వద్ద తెలుసుకోవచ్చు.

ఖర్చు విషయానికి వస్తే, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ప్రభుత్వాలతోపాటు పేరు మారుతూ వచ్చి నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకం పేద కుటుంబాలకు వర్తిస్తుంది. మధ్యతరగతి విశ్రాంత ఉద్యోగులకు ఇది అందేది కాదు. 2024 అక్టోబరు 29న కేంద్రం ఆయుష్మాన్ భారత్‌ను 70 ఏళ్లు నిండిన అందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఏడాదికి 5 లక్షల రూపాయల మేరకు విస్తరించింది. ఇందుకు ఆధార్‌తో ‘వయ వందన’ కార్డు తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ, మాజీ సైనికుల వైద్య పథకాల్లో ఉన్నవారు రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి. తూర్పు నౌకాదళ కేంద్రమైన విశాఖలో మాజీ సైనికులు గణనీయంగా ఉన్నారు కాబట్టి, తొందరపడి కార్డు మార్చుకోకుండా తాము వెళ్లే ఆసుపత్రి ఏ జాబితాలో ఉందో చూసుకోవడం మేలు. జబ్బు వచ్చిన తర్వాత కార్డు కోసం తిరిగేకంటే ముందుగానే చేయించి ఉంచుకోవాలి.

రోడ్డు దాటేదెలా

నగరం నుంచి ఎన్ఏడీ కొత్తరోడ్డు, గోపాలపట్నం, వేపగుంటల మీదుగా పెందుర్తి వరకు బీఆర్‌టీఎస్ రహదారి నిర్మించారు. ఇరుకుదారి విశాలమైంది, బస్సులు పెరిగాయి. అయితే రోడ్డు ఎంత వెడల్పయితే దాటడం ముసలివారికి అంత కష్టం. కర్ర ఊతంగా నడిచే మనిషి ఒక వరుస దాటేలోపు రెండో వరుసలో వాహనాలు దూసుకొస్తాయి. మందుల దుకాణం, బస్ స్టాపు ఉన్న కూడళ్ల వద్ద పాదచారులకు తగినంత సమయం ఇచ్చే సంకేత దీపాలు, మధ్యలో ఆగి నిలవడానికి చోటు, ఆక్రమణలు లేని కాలిబాట ఉండాలి. వీటికి కోట్లు అవసరం లేదు.

ఆర్టీసీ బస్సుల్లో 60 ఏళ్లు నిండినవారికి టిక్కెట్టులో 25 శాతం రాయితీ ఉన్నది. కొవిడ్ కాలంలో ఆగి 2022లో తిరిగి అమలులోకి వచ్చింది. ఆధార్ వంటి గుర్తింపు పత్రం చూపాలి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం కావడంతో ఆసుపత్రికి వెళ్లే వృద్ధురాలికి చార్జీ భారం తప్పింది. బస్సు మెట్టు ఎత్తు మాత్రం తగ్గలేదు. రైల్వేలో 2020 మార్చిలో ఎత్తివేసిన వయోవృద్ధుల రాయితీని పునరుద్ధరించలేదు. అంతకుముందు పురుషులకు 40, మహిళలకు 50 శాతం ఉండేది. కింది బెర్తు కేటాయింపులో ప్రాధాన్యం మాత్రం మిగిలింది.

ఆస్తి రాసిచ్చాక

పల్లెపొలాలు ప్లాట్లుగా మారి గజం ధర పెరిగిన ప్రతిచోటా జరిగేదే ఇక్కడా జరుగుతున్నది. తండ్రి పేరున ఉన్న ఇల్లు, స్థలం పిల్లల పేరుకు మారాక ఆదరణ తగ్గిందన్న ఫిర్యాదులు వయోవృద్ధుల ట్రైబ్యునళ్లకు వచ్చే వాటిలో ప్రధానమైనవి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. రాష్ట్రంలో దీని నియమావళిని 2011లో జారీ చేశారు. చట్టం ప్రకారం ట్రైబ్యునల్‌కు రెవెన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షుడు. పెందుర్తి మండలం విశాఖపట్నం రెవెన్యూ డివిజన్‌లో ఉన్నది. తెల్లకాగితంపై వివరాలు రాసి, ఆధారాలు జతపరచి దరఖాస్తు ఇవ్వవచ్చు. స్వయంగా వెళ్లలేనివారి తరఫున వేరొకరు గాని, స్వచ్ఛంద సంస్థ గాని ఇవ్వవచ్చు. అధికారి తనంతట తానుగా కూడా కేసు చేపట్టవచ్చు. న్యాయవాదిని పెట్టుకోవలసిన పని లేదు. నోటీసు అందిన నాటి నుంచి 90 రోజుల్లో, తప్పనిసరైతే మరో 30 రోజుల్లో తేల్చాలి. నెలకు గరిష్ఠంగా 10 వేల రూపాయల వరకు భరణం నిర్ణయించవచ్చు. తీర్పు నచ్చకపోతే 60 రోజుల్లో కలెక్టరు స్థాయిలోని అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. కొడుకు, కూతురు మాత్రమే కాదు, వయసు వచ్చిన మనుమలు కూడా బాధ్యులే. సంతానం లేనివారి విషయంలో వారి ఆస్తికి వారసులయ్యే బంధువులు బాధ్యులు. వృద్ధులను దిక్కులేకుండా వదిలివేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

ఇందులో 23వ సెక్షనును ప్రతి పెద్దమనిషీ దస్తావేజుపై సంతకం పెట్టడానికి ముందు తెలుసుకోవాలి. పోషిస్తామన్న షరతుతో ఆస్తి పొందినవారు ఆ మాట తప్పితే ట్రైబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయవచ్చు. చట్టం రాకముందు చేసిన బదిలీలకు ఇది వర్తించదు. షరతు ఉన్నట్లు రుజువు కావాలి. 2022 డిసెంబరులో ఒక కేసులో సుప్రీంకోర్టు, షరతు ఉన్నదని చూపకపోతే ఈ సెక్షను కింద రద్దు కుదరదని స్పష్టం చేసింది. 2025 జనవరి 2న మరో కేసులో, ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు కలిగేలా ఉదారంగా అన్వయించాలని, అవసరమైతే ఆస్తిని ఖాళీ చేయించి అప్పగించమని ట్రైబ్యునల్ ఆదేశించవచ్చని తీర్పు చెప్పింది. రెండు తీర్పులనూ కలిపి చూస్తే తేలేది ఒక్కటే. పెందుర్తి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం వద్ద దస్తావేజు లేఖరి రాసిన గిఫ్ట్ సెటిల్‌మెంటులో ‘ప్రేమాభిమానాలతో ఇస్తున్నాను’ అన్న మాటతో సరిపెట్టుకోరాదు. జీవితాంతం పోషించాలి, కనీస వసతులు కల్పించాలి అన్న షరతును విడమరచి రాయించాలి. ఇంట్లో నివసించే హక్కును జీవితకాలం తమకే ఉంచుకోవాలి. అంతకంటే భద్రమైనది వీలునామా. అది రాసినవారు బతికి ఉన్నంతకాలం ఆస్తి వారిదే, మనసు మారితే తిరగరాయవచ్చు. అడిగిన బిడ్డ ముఖం చూసి కాదనలేకపోవడం తల్లిదండ్రుల బలహీనత. ఆ బలహీనతకు కాగితమే కాపు.

పంచ గ్రామాల వారిది వేరొక వ్యథ. సింహాచలం దేవస్థానం భూముల వివాదంలో ఉన్న అడివివరం, వెంకటాపురం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లిలో దశాబ్దాలుగా కాపురమున్న కుటుంబాలు ఇంటిపై హక్కు పత్రం కోసం ఒక తరం పాటు ఎదురుచూశాయి. జీవితకాల కష్టార్జితం ఇంటి రూపంలో ఉన్నా, వైద్యం ఖర్చుకు దాన్ని అమ్ముకోలేక, తాకట్టు పెట్టలేక ముసలితనం గడిపినవారు ఇక్కడ అనేకులు. సొంత ఇంటిని బ్యాంకుకు తనఖా పెట్టి, అందులోనే ఉంటూ నెలనెలా సొమ్ము తీసుకునే ‘రివర్స్ మార్ట్‌గేజ్’ విధానం 2007లో దేశంలో ప్రవేశించింది. నిర్దుష్టమైన హక్కు పత్రం లేని ఇంటికి అది అక్కరకు రాదు. భూమి సమస్య అంటే అందరూ రాజకీయంగానే చూస్తారు. ఇది వృద్ధాప్య భద్రత సమస్య కూడా.

అన్నం, నీడ, పలకరింపు

దాబాగార్డెన్స్‌లోని ప్రేమసమాజం స్వాతంత్ర్యానికి పూర్వం నుంచి అనాథలను, వృద్ధులను ఆదరిస్తున్న సంస్థ. డబ్బు తీసుకుని వసతి కల్పించే ప్రైవేటు వృద్ధాశ్రమాలు నగర శివార్లలో ఇటీవల పెరిగాయి. చేరేముందు అనుమతి పత్రం, రాత్రిపూట నర్సు ఉంటారా, ఆసుపత్రికి ఎవరు తీసుకువెళ్తారు, బయానా తిరిగి ఇస్తారా అన్న నాలుగు సంగతులు రాతపూర్వకంగా తెలుసుకోవాలి. నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకొకటి చొప్పున, కనీసం 150 మందికి సరిపడే ఆశ్రమాలతో మొదలుపెట్టాలని 2007 చట్టమే చెబుతున్నది. ఆశ్రయం లేనివారిని చూసినప్పుడు, వేధింపులు ఎదురైనప్పుడు, ఏ పథకం వర్తిస్తుందో తెలియనప్పుడు 14567 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 2021 అక్టోబరు 1న దేశమంతటా ప్రారంభమైన ఈ ఎల్డర్‌లైన్ ఉదయం 8 నుంచి రాత్రి 8 గంటల వరకు తెలుగులోనే పలుకుతుంది. న్యాయ సహాయానికి 15100.

తిండి విషయంలో రెండు మార్పులు గమనించదగినవి. 2018 జులైలో ప్రారంభమై, 2019లో మూతపడి, 2024 ఆగస్టు 15 నుంచి మళ్లీ తెరుచుకున్న అన్న క్యాంటీన్లలో పూటకు 5 రూపాయలకే భోజనం లభిస్తుంది. వంట చేసుకోలేని ఒంటరి వృద్ధుడికి నడిచి వెళ్లే దూరంలో ఉంటేనే దీని ప్రయోజనం. 2025 జూన్ 1 నుంచి రేషను పంపిణీ తిరిగి చౌకధరల దుకాణాలకు మారినప్పుడు, 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు మాత్రం డీలరే ఇంటికి తెచ్చి ఇచ్చే నిబంధన పెట్టారు. ఇవ్వకపోతే తహసీల్దారు కార్యాలయంలో గాని, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో గాని అర్జీ ఇవ్వవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వృద్ధులకు అనువైన నగరాలు ఎలా ఉండాలో ఒక మార్గదర్శిని ప్రచురించింది. ఢిల్లీ, ఉదయపూర్ సహా 33 నగరాల్లో వృద్ధులనే అడిగి దాన్ని తయారుచేశారు. ఆరోగ్యం, పింఛనుతోపాటు కూర్చునే బెంచీ, శుభ్రమైన మరుగుదొడ్డి, పలకరించే మనిషి కావాలని వారు కోరారు. పెందుర్తిలో తీరిక వేళల్లో పెద్దలు కూర్చునేది రామాలయం అరుగు, రైల్వేస్టేషను బెంచీ, కాలనీ పార్కు. కాలనీ సంఘాలున్నచోట ఉదయపు నడక బృందాలు ఏర్పడ్డాయి. రోజూ వచ్చే మనిషి రెండు రోజులు కనబడకపోతే ఇంటికి వెళ్లి చూసే అలవాటు వాటికున్నది. ఏ ప్రభుత్వ పథకమూ ఇవ్వలేని సేవ అది. అటువంటి బృందాలు మగవారికే పరిమితం కావడం లోపం. భర్త పోయిన స్త్రీ ఇంటి నాలుగు గోడల మధ్యే ఉండిపోతున్నది.

ఆపద వేళల సంగతి ఇంకా ఆలోచించవలసి ఉన్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు, నీరు లేవు. 2020 మే 7 వేకువజామున గోపాలపట్నం సమీపంలోని ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకైనప్పుడు జనం నిద్రలోంచి లేచి పరుగులు తీశారు. పరుగెత్తలేనివారు ఏ ఇంట్లో ఉన్నారన్న జాబితా అటువంటి సమయంలో చేతిలో ఉండాలి. మంచానికే పరిమితమైనవారి చిరునామాలు పింఛను రికార్డుల్లో ఇప్పటికే ఉన్నాయి. ప్రతి నెలా ఒకటో తేదీన సచివాలయ ఉద్యోగి వారి గుమ్మం తొక్కుతున్నాడు. పింఛను రాని కాలనీ వృద్ధుల పేర్లను కూడా ఆ జాబితాలో చేర్చి, పోలీసు, అగ్నిమాపక శాఖలకు ముందే అందజేసి ఉంచితే అదనపు ఖర్చు లేకుండానే ఈ పని పూర్తవుతుంది. కొడుకు విదేశంలో ఉండి ఒంటరిగా నివసిస్తున్న దంపతులు తమ వివరాలను వార్డు సచివాలయంలోని మహిళా పోలీసు వద్ద నమోదు చేయించుకుని, దగ్గరి బంధువు ఫోన్ నంబరును, వాడుతున్న మందుల చీటీని తలుపు వెనుక అందరికీ కనబడేలా అంటించి ఉంచుకోవాలి.